కుక్కపిల్లల్లో చీముపొక్కులు: కారణ నిర్ధారణ, చికిత్సా క్రమం

పొలం కాపలాకు, ఇంటి కావలికి తెచ్చుకున్న కుక్కపిల్లకు రెండు మూడు నెలల వయసు వచ్చేసరికి పొట్ట కింద, తొడల సందున చిన్న చిన్న చీముపొక్కులు కనిపించడం తరచూ జరిగేదే. పాడిపశువుకు జబ్బు చేస్తే పశువైద్యశాలకు తీసుకువెళ్లే కుటుంబం కూడా కుక్కపిల్ల విషయంలో ఇంట్లో ఉన్న మందులతోనే సరిపెట్టుకోవడం కద్దు. ఎవరికో వాడగా మిగిలిన యాంటీబయాటిక్ గొట్టాన్ని విప్పి పాలలో కలపడం, మనుషుల గజ్జికి తెచ్చిన లేపనం పూయడం, పైరుకు వాడిన పురుగుమందును నీళ్లలో కలిపి ఒంటికి రాయడం అనే మూడు పనులలో ఏదో ఒకటి జరుగుతుంది. ఈ మూడూ హానికరమే. గ్రామ సందర్శనకు వెళ్లిన విస్తరణ శాస్త్రవేత్తను పైరు గురించి అడిగిన నోటితోనే రైతు కుక్కపిల్ల గురించి కూడా అడుగుతాడు. అందువల్ల ఈ విషయంలో మౌలిక పరిజ్ఞానం వ్యవసాయ పట్టభద్రులకు సైతం అవసరం.

ఆకుపై మచ్చ కనిపించగానే శిలీంధ్రనాశిని పిచికారీ చేయమని వ్యవసాయ శాస్త్రం చెప్పదు. ఆ మచ్చ తెగులు వల్ల వచ్చినదా, సూక్ష్మపోషక లోపం వల్ల వచ్చినదా అని ముందుగా పరిశీలించమంటుంది. కుక్కపిల్ల చర్మంపై పొక్కుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. చూపుకు ఒకేలా కనిపించే పొక్కుల వెనుక పూర్తిగా భిన్నమైన కారణాలు ఉండవచ్చు. ఒక కారణానికి ప్రాణం నిలిపే మందు మరొక కారణానికి ప్రాణం మీదికి తెస్తుంది.

చర్మం ఎందుకు లోబడుతుంది?

మనిషి చర్మంతో పోలిస్తే కుక్క బాహ్యచర్మం పలుచన. వెంట్రుకలు దట్టంగా ఉన్న చోట అందులో సజీవ కణాల వరుసలు మూడు నుండి ఐదు మాత్రమే ఉంటాయి. మనిషి చర్మపు ఉపరితలం కొంత ఆమ్లగుణం కలిగి ఉండగా, కుక్క చర్మపు ఉదజని సూచిక తటస్థ స్థాయికి దగ్గరగా ఉంటుంది. పిల్ల వయసులో వ్యాధినిరోధక వ్యవస్థ కూడా ఇంకా రూపుదిద్దుకుంటూ ఉంటుంది. తల్లి మురుపాల ద్వారా అందిన రక్షణ క్రమంగా తగ్గిపోతూ, సొంత రక్షణ పూర్తిగా ఏర్పడని ఆ మధ్యకాలంలోనే చర్మవ్యాధులు ఎక్కువగా తలెత్తుతాయి.

కుక్కల చర్మంపై చీము కలిగించే బాక్టీరియాలలో ప్రధానమైనది స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్. ఇది ఒక ప్రత్యేక జాతిగా 2005లో వర్ణింపబడింది. అంతకుముందు దీనిని స్టెఫైలోకాకస్ ఇంటర్మీడియస్‌గానే పరిగణించేవారు. ఈ బాక్టీరియా బయటినుండి దండెత్తి వచ్చే శత్రువు కాదు. ఆరోగ్యవంతమైన కుక్కల ముక్కు, నోరు, మలద్వార పరిసరాలలో నివసిస్తూనే ఉంటుంది. పుట్టిన కొద్ది కాలానికే తల్లినుండి పిల్లకు చేరుతుంది. చర్మపు రక్షణ సడలినప్పుడు మాత్రమే అది వ్యాధికారకంగా మారుతుంది. కనుక చీముపొక్కు కనిపించినప్పుడు ఏ క్రిమి వచ్చిందని అడగడంతో సరిపోదు. చర్మపు రక్షణ ఎందుకు సడలిందని కూడా అడగాలి.

వ్యాధి లోతును బట్టి మూడు రూపాలు

మొదటిది ఇంపెటిగో. ఇందులో చీము బాహ్యచర్మపు పైపొర కిందనే నిలుస్తుంది, రోమకూపాలలోకి దిగదు. పొట్ట కింద, గజ్జలలో, చంకలలో, అంటే వెంట్రుకలు పలుచగా ఉండే చోట్ల పసుపు లేదా తెలుపు రంగు పొక్కులు లేస్తాయి. ఇవి సులువుగా చిట్లి పలుచని పసుపు పక్కులు కడతాయి. ఆ తరువాత అంచులు లేచిన పొలుసులు గుండ్రంగా మిగులుతాయి. దురద సాధారణంగా ఉండదు లేదా స్వల్పం. పిల్ల చురుకుగా ఉంటుంది, మేత మానదు. పరిసరాలు బాగుపడితే కొన్నిసార్లు మందు లేకుండానే తగ్గిపోతుంది.

రెండవది రోమకూప శోథ. చీము రోమకూపంలో చేరడం వల్ల పొక్కు మధ్యనుండి వెంట్రుక పొడుచుకు వచ్చి కనిపిస్తుంది. పొట్టి వెంట్రుకల జాతులలో అక్కడక్కడ వెంట్రుకలు రాలి, చిమ్మట కొట్టిన ఉన్నిబట్టను తలపిస్తుంది. దురద ఎక్కువ తక్కువలుగా ఉంటుంది.

మూడవది లోతైన చీమువ్యాధి. రోమకూపం పగిలి ఇన్ఫెక్షన్ అంతశ్చర్మంలోకి దిగినప్పుడు ఇది ఏర్పడుతుంది. గట్టి గడ్డలు, రక్తంతో కలిసిన చీము కారే రంధ్రాలు, వాపు, నొప్పి, జ్వరం దీని లక్షణాలు. కుక్కపిల్లలో ఈ స్థితి కనిపిస్తే దాని వెనుక డెమోడెక్స్ గజ్జి ఉన్నదేమో తప్పక పరీక్షించాలి.

పోలికతో మోసగించే వ్యాధులు

డెమోడెక్స్ గజ్జి: డెమోడెక్స్ కానిస్ అనే సూక్ష్మమైన పురుగు రోమకూపాలలో నివసిస్తుంది. పుట్టిన రెండు మూడు రోజులలో పాలు తాగే సమయంలో తల్లినుండి పిల్లకు చేరుతుంది. చాలా కుక్కలలో ఏ హానీ చేయదు. నిరోధకశక్తి తగ్గిన పిల్లలలో విపరీతంగా పెరిగి, కళ్ల చుట్టూ, మూతిపై, ముందుకాళ్లపై వెంట్రుకలు రాలుస్తుంది. ఒకటి రెండు మచ్చలకే పరిమితమైనది చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. ఒళ్లంతా పాకినప్పుడు చీము తోడై తీవ్రరూపం దాలుస్తుంది. ఈ దశలో స్టెరాయిడ్ మందు, అది మాత్ర అయినా లేపనం అయినా, ఉన్న కొద్దిపాటి నిరోధకశక్తిని కూడా అణచివేసి పురుగుల వృద్ధికి తోడ్పడుతుంది.

పిల్లల సెల్యులైటిస్: మూడు వారాల నుండి నాలుగు నెలల వయసు పిల్లలలో మూతి, కనురెప్పలు, చెవులు హఠాత్తుగా వాచి, చీముపొక్కులు లేచి, దవడ కింది శోషరస గ్రంథులు నిమ్మకాయంతగా ఉబ్బుతాయి. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, డాక్స్‌హుండ్ జాతులలో ఎక్కువగా గుర్తించారు. చూసిన వారెవరైనా దీనిని తీవ్రమైన బాక్టీరియా వ్యాధి అనే భావిస్తారు. వాస్తవానికి పొక్కులోని చీములో ఆరంభంలో బాక్టీరియా ఉండదు. ఇది పిల్ల సొంత నిరోధక వ్యవస్థ గతి తప్పడం వల్ల వచ్చే శోథ. దీనికి యాంటీబయాటిక్ ఒక్కటే ఇస్తూ పోతే పిల్ల క్షీణిస్తుంది, ముఖంపై మానని మచ్చలు మిగులుతాయి, మరణమూ సంభవించవచ్చు. నిరోధక వ్యవస్థను అదుపు చేసే మోతాదులో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను పశువైద్యుని పర్యవేక్షణలో సకాలంలో మొదలుపెట్టడమే దీనికి ప్రధాన చికిత్స. డెమోడెక్స్ గజ్జిలో నిషిద్ధమైన స్టెరాయిడ్ ఇక్కడ ప్రాణదాత. పరీక్ష లేకుండా మందు ఎంచుకోరాదని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

డిస్టెంపర్: టీకా పడని పిల్ల పొట్టపై పొక్కులతో పాటు కళ్ల పుసి, ముక్కు కారడం, దగ్గు, జ్వరం, విరేచనాలు ఉంటే ఈ వైరస్ వ్యాధిని అనుమానించాలి. అప్పుడు పొక్కులు అసలు వ్యాధి కావు, దాని సూచన మాత్రమే.

తామర, సార్కోప్టిస్ గజ్జి: గుండ్రంగా వెంట్రుకలు రాలి పొట్టు లేస్తే శిలీంధ్రం వల్ల కలిగే తామర కావచ్చు. చెవి అంచులు, మోచేతులపై పక్కులు కట్టి, రాత్రింబగళ్లు ఆగని దురద ఉంటే సార్కోప్టిస్ గజ్జి కావచ్చు. ఈ రెండూ ఇంట్లోని పిల్లలకు, పెద్దలకు కూడా అంటుకుంటాయి. కనుక ఇంట్లో ఎవరికైనా దురద లేదా గుండ్రని మచ్చలు ఉన్నాయా అని అడగడం మంచి విస్తరణ కార్యకర్త లక్షణం.

జింకు లోపం: త్వరగా పెరిగే పెద్దజాతి పిల్లలకు ధాన్యాహారం మాత్రమే పెట్టినప్పుడు, ధాన్యంలోని ఫైటేట్లు జింకును బంధించి పేగులలో శోషణను తగ్గిస్తాయి. ఎముకల బలానికని అదనంగా పోసే కాల్షియం టానిక్ దీనిని మరింత తీవ్రం చేస్తుంది. కళ్లు, మూతి చుట్టూ, పాదాల మెత్తలపై దళసరి పక్కులు ఏర్పడి వాటిపై బాక్టీరియా చేరుతుంది. మానవ పోషణలో, నేలలో జింకు పాత్ర గురించి చదివిన విద్యార్థికి ఈ వ్యాధి ఆశ్చర్యం కలిగించదు.

నిర్ధారణ

ఖరీదైన పరికరాలు లేకుండానే రెండు పరీక్షలతో చాలావరకు నిర్ధారణకు రావచ్చు. మొదటిది చీము స్మియర్. పగలని పొక్కును శుభ్రమైన సూదితో గుచ్చి, గాజుపలకను దానిపై అద్ది, ఆరబెట్టి, రంజకం వేసి సూక్ష్మదర్శిని కింద నూనె కటకంతో చూస్తారు. తెల్లరక్తకణాల లోపల గుండ్రని కాకస్ బాక్టీరియా కనిపిస్తే బాక్టీరియా వ్యాధి రుజువైనట్లే. కణాలు పుష్కలంగా ఉండి బాక్టీరియా లేకపోతే సెల్యులైటిస్ వంటి నిర్జీవ శోథను అనుమానించాలి. రెండవది చర్మపు గీకుడు పరీక్ష. చర్మాన్ని వేళ్ల మధ్య నొక్కి, సన్నగా రక్తం చెమ్మగిల్లే వరకు గీకి తీసిన పదార్థంలో డెమోడెక్స్ పురుగులు కనిపిస్తాయి. ఈ రెండు పరీక్షలు పశువైద్యశాలలో కొద్ది నిమిషాలలో పూర్తవుతాయి.

బాక్టీరియాను పెంచి ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్, సెన్సిటివిటీ పరీక్ష ప్రతి పిల్లకూ అవసరం లేదు. లోతైన చీమువ్యాధి ఉన్నప్పుడు, రెండు వారాల సరైన చికిత్స తరువాత కూడా పొక్కులు సగమైనా తగ్గనప్పుడు, చికిత్స నడుస్తుండగానే కొత్త పొక్కులు లేస్తున్నప్పుడు, పూర్వం పలుమార్లు యాంటీబయాటిక్ వాడినప్పుడు తప్పక చేయించాలి.

చికిత్స: పైనుండి లోనికి

ఉపరితల చీమువ్యాధిలో క్రిమి ఉన్నది చర్మం పైభాగంలోనే కనుక మందు కూడా అక్కడికే నేరుగా చేరాలి. సహచర జంతువుల సాంక్రమిక వ్యాధుల అంతర్జాతీయ సంఘం 2025లో వెలువరించిన మార్గదర్శకాలు ఉపరితల చీమువ్యాధికి పైచికిత్సనే మొదటి ఎంపికగా నిర్దేశించాయి. నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్‌ను పైచికిత్స సరిపోనప్పుడు లేదా సాధ్యపడనప్పుడు మాత్రమే వాడాలి.

పైచికిత్సలో ప్రధానమైనది 2 నుండి 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ గల పశువైద్య షాంపూ. వారానికి రెండు మూడు సార్లు స్నానం చేయించాలి. గోరువెచ్చని నీటితో తడిపి, షాంపూను వ్యాధి ఉన్న భాగాలకు పట్టించి, 10 నిమిషాలు అలాగే ఉంచి, ఆపై పూర్తిగా కడగాలి. ఈ 10 నిమిషాల వ్యవధి పాటించకపోవడమే పైచికిత్స విఫలం కావడానికి సాధారణ కారణం. ఆ సమయంలో పిల్ల ఒళ్లు నాకకుండా పట్టుకోవాలి. నురుగు కంటిలో, చెవిలో పడకుండా చూడాలి. చిన్న పిల్లలు త్వరగా చలికి గురవుతాయి కనుక ఎండ ఉన్న వేళ స్నానం చేయించి వెంటనే పొడిబట్టతో తుడవాలి. నాలుగైదు పొక్కులే ఉంటే స్నానానికి బదులు ఆ చోట మాత్రమే క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం అద్దితే సరిపోతుంది. పొక్కులను గిల్లి చీము పిండడం తగదు.

నోటి ద్వారా మందు అవసరమని పశువైద్యుడు నిర్ణయించినప్పుడు సాధారణంగా సెఫాలెక్సిన్, క్లావులానిక్ ఆమ్లంతో కూడిన అమాక్సిసిలిన్, క్లిండామైసిన్ మందులలో ఒకటి ఎంచుకుంటారు. స్టెఫైలోకాకస్ జాతులు బీటాలాక్టమేజ్ ఎంజైమును ఉత్పత్తి చేసి పెన్సిలిన్ వర్గాన్ని ఛేదిస్తాయి కనుక క్లావులానిక్ ఆమ్లం లేని అమాక్సిసిలిన్‌పై ఆధారపడలేము.

మోతాదు శరీర బరువుపై ఆధారపడుతుంది. ఉదాహరణకు 4 కిలోల పిల్లకు కిలోకు 22 మిల్లీగ్రాముల చొప్పున సెఫాలెక్సిన్ సూచించారనుకుంటే ఒక్కో మోతాదు 88 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే పూటకు సుమారు 3.5 మిల్లీలీటర్లు. ఇంట్లో మిగిలిన 250 మిల్లీగ్రాముల గొట్టాన్ని మొత్తంగా ఇస్తే మోతాదు దాదాపు మూడు రెట్లవుతుంది. అదే గొట్టాన్ని నాలుగైదు పిల్లలకు పంచితే ఎవరికీ చాలదు. ఎక్కువైతే వాంతులు, విరేచనాలు. తక్కువైతే బలహీనమైన బాక్టీరియా మాత్రమే చచ్చి, మందును తట్టుకునేవి మిగులుతాయి.

చికిత్సా కాలం గురించిన అవగాహన కూడా మారింది. మూడు నాలుగు వారాలు తప్పనిసరిగా వాడాలన్న పూర్వపు పద్ధతికి బదులు, ఉపరితల వ్యాధిలో రెండు వారాలకు, లోతైన వ్యాధిలో మూడు వారాలకు పిల్లను మళ్లీ చూసి, కొనసాగించాలా ఆపాలా అన్నది నిర్ణయించాలని ప్రస్తుత సూచన. పొక్కులు కనిపించడం లేదని యజమాని తానే మధ్యలో ఆపరాదు. తగ్గలేదని తానే మందు మార్చరాదు.

పెరిగే వయసు పిల్లకు కొన్ని మందులు ప్రత్యేకంగా హానికరం. ఎన్రోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినొలోన్లు కీళ్ల మృదులాస్థిని దెబ్బతీస్తాయి. టెట్రాసైక్లిన్లు ఏర్పడుతున్న దంతాల రంగును శాశ్వతంగా మారుస్తాయి. పాడిపశువుకు వాడగా మిగిలిన మందు కుక్కపిల్లకు పనికిరాదని చెప్పవలసింది ఇందుకే.

ఇంటి వైద్యం, పొలం మందులు

మందుల దుకాణాలలో దొరికే గజ్జి లేపనాలు అనేకం స్టెరాయిడ్, శిలీంధ్రనాశిని, యాంటీబయాటిక్‌ల మిశ్రమాలు. పూసిన రెండు రోజులకే ఎరుపు తగ్గుతుంది కనుక మేలు జరిగిందనిపిస్తుంది. లోపల అసలు వ్యాధి పెరుగుతూనే ఉంటుంది. పైగా పిల్ల ఆ లేపనాన్ని నాకి మింగుతుంది. కర్పూరం కలిపిన నూనె, ఫినాయిల్, కాల్చిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ వంటివి నాకినా, పలుచని చర్మం ద్వారా లోనికి ఇంకినా విషప్రభావం చూపుతాయి.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది పంటల పురుగుమందుల వాడకం. పిడుదులు, పేలు చస్తాయన్న ఉద్దేశంతో క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులను నీటిలో కలిపి పూస్తారు. పొక్కులు చిట్లిన చర్మం ద్వారా విషం మరింత వేగంగా రక్తంలో కలుస్తుంది. నోటినుండి చొంగ కారడం, కంటిపాప సూదిమొనలా కుంచించుకుపోవడం, వణుకు, విరేచనాలు, ఎగశ్వాస ఈ విషప్రభావపు గుర్తులు. అటువంటప్పుడు చేతి తొడుగులు ధరించి పిల్లను సబ్బునీటితో కడిగి, వాంతి చేయించే ప్రయత్నాలు చేయక, మందు సీసాతో సహా వెంటనే పశువైద్యుని వద్దకు చేర్చాలి. అట్రోపిన్ సూదిమందు సకాలంలో పడితే బతికే అవకాశం ఉంటుంది. పురుగుమందును ఆమోదించిన పంటకు, ఆమోదించిన మోతాదులోనే వాడాలని రైతుకు బోధించే వ్యవస్థ, ఆ డబ్బా పశువుల పాకలోకి చేరకూడదని కూడా అదే స్వరంతో చెప్పాలి.

మూలకారణాల నివారణ

మందుతో మానిన పొక్కులు తిరిగి రాకుండా ఉండాలంటే చర్మపు రక్షణను సడలించిన కారణాన్ని సరిచేయాలి.

పెరుగన్నంతో మాత్రమే పెరిగే పిల్లకు మాంసకృత్తులు చాలవు. శరీరానికి అందే మాంసకృత్తులలో గణనీయమైన భాగం చర్మం, వెంట్రుకల నిర్మాణానికే ఖర్చవుతుంది. ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప, ఎముకలు లేని కోడిమాంసం అన్నంలో చేర్చాలి, లేదా పిల్లల వయసుకు తగిన సమతుల దాణా పెట్టాలి.

నట్టల నివారణ మందును రెండు వారాల వయసునుండి ప్రతి రెండు వారాలకోసారి మూడు నెలల వరకు, ఆపై ఆరు నెలల వయసు వరకు నెలకోసారి ఇవ్వాలి. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపర్, పార్వో టీకాలు మొదలుపెట్టి, పదహారు వారాల వయసు దాటే వరకు వైద్యుడు చెప్పిన గడువులలో పూర్తిచేయాలి. పిడుదులకు, ఫ్లీ కీటకాలకు కుక్కల కోసమే తయారైన మందును వయసు, బరువు చూసి వాడాలి.

వర్షాకాలంలో తడి గోనెసంచి, పేడ కలిసిన చిత్తడి నేల, మూత్రంతో నానిన గడ్డి పొట్టభాగపు చర్మాన్ని నిరంతరం మెత్తబరుస్తాయి. పడక పొడిగా ఉండాలి. పరచిన బట్టను వారానికి రెండుసార్లు వేడినీటితో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఒక్క పిల్లకు పొక్కులుంటే అదే ఈతలోని మిగతా పిల్లలను, తల్లి పొదుగును కూడా పరిశీలించాలి.

నిరోధకత: ఇంటి సమస్య, ఊరి సమస్య

స్టెఫైలోకాకస్ సూడింటర్మీడియస్‌లో మెక్‌ఎ అనే జన్యువు ఉన్న రకాలు ప్రపంచమంతటా వ్యాపిస్తున్నాయి. ఈ జన్యువు వల్ల బాక్టీరియా కణకవచపు ఎంజైము రూపం మారి, పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు అన్నీ ఒక్కసారిగా నిరుపయోగమవుతాయి. ఇటువంటి రకాలు తరచూ ఇతర మందుల వర్గాలను కూడా తట్టుకుంటాయి. అయినా క్లోర్‌హెక్సిడిన్ వంటి పైచికిత్సతో వీటిని సైతం అదుపు చేయవచ్చు. ఈ బాక్టీరియా అరుదుగా మనుషులలోనూ ఇన్ఫెక్షన్ కలిగించగలదు. పొక్కులున్న పిల్లను ముట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, మధుమేహులు, పసిపిల్లలు, మానని పుండ్లున్నవారు దానిని దగ్గరకు తీసుకోకపోవడం మంచిది. యాంటీబయాటిక్ నిరోధకతపై భారత ప్రభుత్వం 2017లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక మనుషులు, పశువులు, పర్యావరణాన్ని ఒకే చట్రంలో చూసింది. పాలలో విప్పి కలిపిన ఒక్క గొట్టం కూడా ఆ చట్రంలోనిదే.

విస్తరణ కార్యకర్త చేయదగిన పని

పొట్ట కింద కొద్దిపాటి పొక్కులుండి, పిల్ల చురుకుగా ఉండి, మేత తింటుంటే పరిశుభ్రత, మేత సవరణ, క్లోర్‌హెక్సిడిన్ స్నానం సూచించి, వారంలో తగ్గకపోతే పశువైద్యుని వద్దకు పంపవచ్చు. ముఖం వాచినా, దవడ కింద గ్రంథులు ఉబ్బినా, రక్తంతో కూడిన చీము కారినా, జ్వరం ఉన్నా, కళ్లు ముక్కు కారుతున్నా, పిల్ల మేత మానినా అదే రోజు పంపాలి. మూడు వారాల లోపు పిల్లకు ఏ చీముపొక్కు వచ్చినా అదే రోజు పంపాలి. ఆ వయసులో ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరడానికి ఎక్కువ సమయం పట్టదు. పంపేటప్పుడు ఇప్పటివరకు పూసిన, తాగించిన మందులన్నింటి పేర్లు కాగితంపై రాయించి, దొరికితే ఖాళీ డబ్బాలతో సహా ఇవ్వాలి. స్టెరాయిడ్ పూశారన్న ఒక్క సమాచారం వైద్యుని నిర్ణయాన్ని పూర్తిగా మార్చగలదు.

కుక్కపిల్ల చీముపొక్కు చాలా సందర్భాలలో చిన్న జబ్బు. షాంపూ, పొడి పడక, గుడ్డు కలిపిన అన్నంతో నయమయ్యే ఆ జబ్బును తొందరపాటు మందులే పెద్దజబ్బుగా మారుస్తాయి. పైరులో తెగులు గుర్తించిన తరువాతే మందు చెప్పే క్రమశిక్షణను విస్తరణ శాస్త్రవేత్త కుక్కపిల్ల విషయంలోనూ పాటిస్తే, రైతు ఇంటి కావలి నిలుస్తుంది, మనుషులకు పనికివచ్చే మందుల శక్తి కూడా నిలుస్తుంది.